పధ్నాలుగో బాణం

రాతిమొన బాణం పట్టిన మనిషికి ముందుగా ఒంటినిండా బట్టలు తొడగవలసిందిగా కోరుతూ, మా మేనకోడలి కూతురు చదివే బడికి నేనొక ఉత్తరం రాశాను. ఆ బడి వార్షికోత్సవంలో పిల్లలకు ఆదిమానవుల వేషం కట్టారు. నడుముకు కొబ్బరాకులు, ముఖానికి మసి, చేతిలో థర్మోకోల్ విల్లు. బాణాల చివర వెండిరంగు కాగితం అతికించి దాన్ని రాయి అనుకోమన్నారు. మైకులో ఉపాధ్యాయిని చదివిన వాక్యాన్ని అక్కడికక్కడే నా చేతిసంచిలోని పుస్తకంలో ఎక్కించుకున్నాను: "వంట, బట్ట, బుద్ధి తెలియని రోజుల్లో మనిషి రాతి బాణాలతో వేటాడేవాడు." జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఉత్తరానికి జవాబు రాలేదు. గుర్తుచేస్తూ రాసిన రెండో ఉత్తరానికీ రాలేదు. అందువల్ల చెప్పవలసింది ఇక్కడ చెబుతున్నాను.

నాకు యాభై దాటాయి. ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డుల గది పాతికేళ్ళకు పైగా నా అధీనంలో ఉంది. తప్పు వాక్యం కంటపడితే దిద్దకుండా ఉండలేకపోవడం ఆ ఉద్యోగం నేర్పిన గుణమని తోటివారు అంటారు. కాదు. అది నేను అంతకు చాలాముందే, పదో తరగతికి వచ్చిన ఏడాది, ఒక బురదమడిలో నేర్చుకున్నాను.

మా నాన్న రాతిమొన బాణంతో వేటాడిన రోజుల్లో మా ఊరి పంచాయతీ ఆఫీసులో రంగుల టీవీ ఉంది, రోడ్డు మీద ఎస్టీడీ బూత్ ఉంది. ఆయన వ్యవసాయ కూలీ. చేలోకి వెళ్ళినా ఉతికిన చొక్కాతోనే వెళ్ళేవాడు. గట్టు చివర దాన్ని విప్పి, మడత చెడకుండా ఒక కర్రకు తగిలించి, బనీనుతో విల్లు ఎత్తేవాడు. ఆదివారం మా చర్చిలో కానుక సంచి పట్టుకుని వరుసల మధ్య తిరిగే పెద్దల్లో ఆయన ఒకడు. వంట సంగతి ఆయన తల్లిని, అంటే మా మామ్మను, అడిగి ఉండవలసింది. బుద్ధి సంగతి చదివేవారే తేల్చుకోగలరు.

మా డెల్టాలో మట్టికి కొదవలేదు, రాయికే కరువు. ఎకరం చేను మూరలోతున తవ్వినా గులకరాయి తగలదు. పచ్చడి నూరే రోలు సైతం ఎక్కడినుంచో బండి మీద వచ్చిందే. అటువంటి చోట రాతిమొనలు చెక్కే ఇల్లు మాదొక్కటే. దానికి కారణం మా తాత. ఆయన ఎగువ కొండల్లోంచి వెదురు తెప్పల మీద గోదావరిలో దిగివచ్చిన మనిషి. తెప్ప రాజమండ్రిలో అమ్ముడుపోయింది. తాత మాత్రం తిరిగి ఎగువకు పోలేదు. కాలువ పనుల్లో కుదిరి, మా ఊరికి చేరి, మామ్మను పెళ్ళాడి, ఆమె వెంట చర్చికీ వెళ్ళసాగాడు. ఆయన తెచ్చుకున్న బాణాలకు మొదట ఇనుపమొనలే ఉండేవట. ఊళ్ళో ఏదో కొట్లాట జరిగితే పోలీసులు ఇల్లిల్లూ గాలించి వాటిని పట్టుకుపోయారు. ఇమ్మని అడగడానికి తాత స్టేషనుకు వెళితే, లైసెన్సు ఉందా అన్నారు.

ఈ కథ చెప్పవలసి వస్తే మామ్మ పొగాకు కాడ ఒక బుగ్గనుంచి మరో బుగ్గకు మార్చుకునేది.

"మీ తాత ఏవన్నాడనుకున్నావు? 'సరేనండి, రాయికి లైసెన్సు ఎవరిస్తారో కూడా చెప్పండి, దానికీ ఒకేసారి అర్జీ పెట్టుకుంటాను' అన్నాడంట. ఎస్సైగారికి నవ్వాగలేదంట."

"నవ్వి ఇచ్చేశారా మామ్మా?"

"ఎక్కడిచ్చారే! నవ్వూ వాళ్ళదే, ఇనుమూ వాళ్ళదే. మనకి రాయి మిగిలింది."

ఆ రాయి కోసం ఏటా వేసవిలో నాన్న కొవ్వూరు వెళ్ళేవాడు. నది సన్నబడి, ఇసుక మీద గులకరాళ్ళు బయటపడే రోజులవి. నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఒక రాయితో మరో రాయిని మెల్లగా తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఖంగుమంటే సంచిలో వేసేవాడు, గుడ్డిగా పలికితే పారేసేవాడు. సాయంత్రానికి చెవి అలవాటుపడి నేను కూడా తప్పులేకుండా ఏరేదాన్ని. తిరుగు బస్సులో కండక్టరు సంచిని కాలితో తోసి చూసేవాడు.

"ఏంటయ్యా ఇది, కదలట్లేదు?"

"రాళ్ళండి."

"గోదారొడ్డుకొచ్చిన వాళ్ళు పుణ్యం మూటగట్టుకుపోతారు. రాళ్ళు మూటగట్టుకుపోయేవాణ్ణి నిన్నే చూశాను."

"పుణ్యానికి లగేజీ టిక్కెట్టు కొట్టరు కదండి, దీనికీ కొట్టకండి," అనేవాడు నాన్న. కండక్టరు నవ్వుతూనే టిక్కెట్టు కొట్టేవాడు.

వర్షాలకు ముందు, చూరు కింద కూర్చుని, మోకాలి మీద గోనె మడిచి వేసుకుని నాన్న మొనలు చెక్కేవాడు. పెద్దరాయిని గుండ్రాయితో కొట్టి పెచ్చు లేపడం మొదటి పని. ఆ పెచ్చు అంచును దున్నపోతు కొమ్ముమొనతో నొక్కి నొక్కి, చేపపొలుసంత ముక్కలు రాలుస్తూ పదును తేవడం రెండో పని. రాయి పగిలినప్పుడల్లా అగ్గిపుల్ల గీసిన వాసన వచ్చేది. మంచి మొన చిటికెన వేలి గోరుకు రెండింతలుండేది, అంతే. బాణానికి గోదావరి లంకల్లో పెరిగే రెల్లుకాడ. దాన్ని నిప్పుల సెగ మీద తిప్పుతూ వంకర తీసేవాడు. కాడను చీల్చి మొనను కూర్చి, గోగునారతో బిగించి, పైన కరిగించిన లక్క పోసేవాడు. విల్లు వెదురుది. రెండు వానాకాలాలు పొయ్యిమీద అటకలో పొగ తాగి నల్లబడిన వెదురు. నారి కూడా వెదురుబద్దే. తాత చేతినుంచి వచ్చిన పద్ధతి అది. నాన్న అందులో అంగుళం మార్చలేదు.

నేను చేతికందిన విల్లుతో వేసిన మొదటి బాణం మా పక్కింటి పిన్ని పాకమీది ఆనపకాయకు తగిలింది. ఆవిడ నెత్తీనోరూ బాదుకుంటూ వచ్చింది.

"ఒసే నీ చేతులు పడిపోనూ, రేపు మా ఆడబడుచొస్తే కూరొండుదామని దాచానే!"

నాన్న వచ్చి, పిన్నికి క్షమాపణ చెప్పి, బాణాన్ని కాయలోంచి లాగాడు. నాకు దెబ్బలు ఖాయమనుకున్నాను. ఆయన మొన దిగిన లోతును వేలితో కొలిచి, "ఎక్కణ్ణించి వేశావే?" అన్నాడు. చోటు చూపించాను. అడుగులు వేసి లెక్కపెట్టాడు. "ముప్పైరెండు. నీ పుస్తకంలో రాసిపెట్టు. రేపు ఇంకొకళ్ళు అడిగితే నోటిమాట చెప్పకు," అన్నాడు. పిన్ని నోరు తెరుచుకుని చూసింది. నా వేట పుస్తకం ఆ రోజు మొదలైంది.

రాతిమొన అంచు బ్లేడుకన్నా పదును. ఊడ్పుల్లో, అంటే వరి నాటేటప్పుడు, ఆడవాళ్ళు వట్టికాళ్ళతో పిక్కలోతు బురదలోకి దిగుతారు. వాళ్ళలో మా అమ్మ ఉండేది. అందుకని తాత కాలంలోనే ఒక కట్టుబాటు ఏర్పడింది. ఎన్ని బాణాలు గట్టు దిగాయో అన్నీ మళ్ళీ గట్టెక్కాలి. ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా ఇంటికి రాకూడదు. తాత దారానికి ముడులు వేసి లెక్క పెట్టేవాడట. నాన్న కర్రకు గంట్లు పెట్టేవాడు. నేను చేరాక ఆ లెక్క కాగితం మీదికి వచ్చింది. ప్రతి బాణానికి అంకె. అంకెకు ఎదురుగా ఎక్కడ నిలబడి వేసింది, ఎటువైపు, ఎన్ని అడుగులు, తగిలిందా లేదా. చివర రెండు గడులు: వెళ్ళింది, వచ్చింది.

ఈ కట్టుబాటు మూలంగానే మా ఊరి పెద్ద రైతుగారు తన చేలలో మా నాన్నకు తప్ప మరెవరికీ వేటకు అనుమతి ఇచ్చేవారు కాదు. మిగతా పనివాళ్ళను "ఏరా" అనే ఆయన నాన్నను "ఏమోయ్" అనేవారు. వినేవారికి అది చిన్న తేడా. మా పేటలో మాత్రం ఆ పిలుపు గురించి చెప్పుకునేవారు. నాన్న పైకి ఏమీ అనేవాడు కాదు గాని, ఆ మాట విన్న సాయంత్రం ఆయన నడకలో తెలిసేది.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. నెర్రెలు విచ్చిన చేలల్లో, గట్ల అడుగున, పందికొక్కులు ఊళ్ళకు ఊళ్ళు కట్టుకుంటాయి. నీరు పెట్టిన రోజు గట్టు తెగి పక్కచేను మునగడానికి ఒక్క బొరియ చాలు. బుట్టలు పెడితే ఎలుకలు పడతాయి గాని పందికొక్కు బుట్టనే ఈడ్చుకుపోతుంది. మందు పెడితే ముందుగా చచ్చేవి బాతులు. అందుచేత కాలువకు నీళ్ళు వదిలిన వారంలో మా ఇంటికి కబురు వచ్చేది. ఎండిన మట్టిలోకి మొదటి నీరు ఇంకుతున్నప్పుడు లేచే కమ్మని ఆవిరి ఊరంతా కమ్మేది. ఆ వాసనకు మామ్మ ఆముదం సీసా దించి విల్లుకు రాయడానికి కూర్చునేది.

ఆ ఏడు నాన్న తన బాణాలు పదమూడు చేసుకుని, "పధ్నాలుగోది నీది. రాయి ఏరడం దగ్గర్నించి నువ్వే చేయాలి, నువ్వే వేయాలి," అన్నాడు. నాలుగు రాళ్ళు పాడుచేశాక ఒక మొన కుదిరింది. దాన్ని రెల్లుకాడకు బిగించాను. ఇక లక్క కరిగించాలి. లక్కకు సన్నని సెగ, బోలెడు ఓపిక కావాలి. నాకు ఆ మధ్యాహ్నం ఓపిక లేదు. పుస్తకాలకు అట్టలు అతికించడానికి దాచుకున్న తుమ్మజిగురు సీసా గూట్లో ఉంది. చిక్కగా పూసి ఎండబెట్టాను. నాన్న వచ్చి మొనను రెండు వేళ్ళతో పట్టి లాగి చూశాడు. ఎండిన జిగురు కదులుతుందా? "బావుందే," అన్నాడు. దేనితో అతికించావని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం రైతుగారి తూముమడిలోకి నీళ్ళు వదిలారు. నలభై సెంట్ల మడి. నీరు నెర్రెల్లో గుటకలు వేస్తూ దిగింది. కొంతసేపటికి గట్టు అంచున మట్టి కదిలి, ముందు మీసాలు, వెనక మొద్దుముక్కు బయటికి వచ్చాయి. నాన్న విల్లు ఎత్తడం నాకు కనిపించేది గాని వదలడం కనిపించేది కాదు. నారి మోత విని కళ్ళు తిప్పేసరికి నీళ్ళలో బాణం నిటారుగా ఊగుతుండేది. తొమ్మిది బాణాలకు ఏడు పడ్డాయి. ఎనిమిదోది పిల్లి అంత ఉంది. మడికి అడ్డంగా ఈదుతూ, వెనక నీటిమీద గీత గీసుకుంటూ పోతోంది.

"నీదే," అన్నాడు నాన్న.

నేను వేశాను. అది ఒక్కసారి పల్టీ కొట్టి, తన్నుకుని, గట్టు వైపు వచ్చి ఆగింది. నాన్న దాన్ని తోకపట్టి ఎత్తి నన్ను చూశాడు. విల్లును ఎడమచేతికి మార్చుకుని కుడిచేతితో నా తలమీద గట్టిగా ఒక మొట్టికాయ వేశాడు. అంతకుమించిన మెప్పు నాకు ఆ తర్వాత ఏ అధికారీ ఇవ్వలేదు.

రెల్లుకాడ తేలుతుంది. నా బాణం తేలుతూ నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. చివర మొన లేదు. తడిసి తెల్లబడిన జిగురు మాత్రం వేలికి అంటింది.

మొన పందికొక్కు ఒంట్లోనే ఉండి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కాడను కట్ట మధ్యలో దూర్చి బాణాలు లెక్కపెట్టాను. పధ్నాలుగు. నాన్న, "అన్నీ వచ్చాయా?" అన్నాడు. "వచ్చాయి," అన్నాను. రాశాను కూడా. బాణం వచ్చిన మాట నిజమే కదా. అప్పటివరకు నా పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు. దాన్ని చూసుకుని నాకు ఎంత గర్వమో చెప్పలేను.

సాయంత్రం మా పెరట్లో ఎండుగడ్డి మంట మీద వెంట్రుకలు కమిలిన వాసన. మామ్మ పసుపు, ఉప్పు పట్టించి కడిగి, ఉల్లికారం నూరి, చింతచిగురు వేసి కూర దించింది. పందికొక్కు కూర తిన్నామని చెప్పడానికి నాకు ఎన్నడూ సిగ్గు లేదు. మా మామ్మ చేతి కూర తిన్న ఏ నోరూ దాన్ని హేళన చేయలేదు. మా ఇంటి ఆచారం ప్రకారం వేటాడినవారికి మొదటి ముక్క. ఏళ్ళ తరబడి అది నాన్న కంచంలో పడేది. ఆ రోజు మామ్మ గరిటె నా కంచం వైపు తిప్పింది.

"మామ్మా, దీన్ని కోసినప్పుడు లోపల రాయేమైనా తగిలిందా?"

"రాయెందుకుంటుందే? అన్నీ తిరిగొచ్చాయన్నావు కదా. తిను."

తిన్నాను. ముక్క ముక్కనూ నాలుకతో వెతుకుతూ తిన్నాను. రాయి లేదు. అంటే అది మడిలోనే ఉంది.

ఆదివారం చర్చిలో నాన్న కానుక సంచి నా ముందుకు చాచినప్పుడు నేను తలెత్తలేదు. సోమవారం ట్రాక్టరు దమ్ము చక్రాలతో దిగి ఆ మడినంతా పాయసంలా కలియదున్నింది. మంగళవారం ఊడ్పు. నారు చెరువు నీటితో ముందే పెంచి ఉంచారు. పొద్దున్నే అమ్మ చీర మోకాళ్ళపైకి దోపుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని బయల్దేరింది. ఆమె మడమలు చూశాను. చిన్నప్పటినుంచి చూస్తున్నవే, ఎన్ని పగుళ్ళున్నాయో ఆ రోజే కనిపించాయి. బడి సంచి భుజాన వేసుకుని, బడివైపు కాకుండా అమ్మ వెనకాలే నడిచాను.

గట్టుమీద పన్నెండు మంది ఆడవాళ్ళు. పీకిన వరినారు, ఆకుకట్టలుగా మడిలో విసిరేసి ఉంది. ముఠాకు పెద్ద అయిన ముసలమ్మ, ఎవరినీ ఒక్క మాటైనా అనకుండా వదలని మనిషి, నన్ను చూసింది.

"ఏంటే పంతులమ్మా, మాకు హాజరు వేయడానికొచ్చావా?"

అమ్మ అప్పటికే ఒక కాలు ఎత్తింది.

"అమ్మా, దిగొద్దు! ఎవరూ దిగొద్దు. చేలో రాతిమొన ఉంది."

ఎత్తిన కాలు అలాగే ఆగింది. అమ్మ ముఖంలోకి చూడలేక నేను ఆకుకట్టలను చూస్తూ నిలబడ్డాను. బోదె దగ్గర నీరు మళ్ళిస్తున్న నాన్న పార వదిలి వచ్చాడు. ఆ వెనకే మోటారుసైకిలు మీద రైతుగారు వచ్చారు.

"ఏంటి, ఇంకా దిగలేదా? ఆకు ఎండిపోతుంది అక్కడ."

"చేలో రాయి ఉందంటండి," అంది ముసలమ్మ.

రైతుగారు బండి దిగలేదు. నాన్న వైపు తిరిగి, "ఏరా, ఏంటిది?" అన్నారు.

పన్నెండు మందీ విన్నారు. నాన్న మెడ కొద్దిగా వంగింది. "నా బాణం మొనేనండి. నేనే చూసుకోలేదు. తప్పు నాదండి," అన్నాడు.

ఇప్పటికీ నాకు ఆ క్షణం అర్థమవుతుంది. ఆయన నన్ను వెనక్కి నెట్టి తన వెనక నిలబెడుతున్నాడు. అలాగే నిలబడితే సరిపోయేది. ఎవరూ నన్ను అడగరు. కాని నా సంచిలో ఆ పుస్తకం ఉంది, అందులో నా చేతిరాత ఉంది.

"కాదండి," అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "నాన్నవి పదమూడూ వచ్చేశాయండి. పధ్నాలుగోది నాది. చేసింది నేను, వేసింది నేను. మొన రాలేదని తెలిసి కూడా వచ్చిందని రాసింది నేనేనండి."

 ముసలమ్మ నడుముకు దోపుకున్న చీర కిందికి దించుకుంది.

"తెలిసి రాశావా?" అన్నారు రైతుగారు.

"తెలిసేనండి."

ఆయన చేతిగడియారం చూసుకున్నారు. "రేపటికి నీళ్ళ వంతు మారిపోతుంది. ఆకు తీసేశాం. ఇవాళ ఊడ్చి తీరాలి. ఏం చేస్తారో చెప్పండి."

"చెప్పులేసుకుని దిగుదామా ఏంటి?" అని ఒకామె అంటే, "ఆ, కాలు ఇక్కడ, చెప్పు పాతాళంలో," అని మరొకామె. నవ్వులు రాలేదు.

నాన్న ముందుకు వచ్చాడు. ఈసారి మెడ వంగలేదు. "మధ్యాహ్నం దాకా టైమివ్వండి. నేనూ మా అమ్మాయీ వెతుకుతాం. దొరక్కపోతే ఈ మడి మొత్తం మేమిద్దరమే ఊడుస్తాం, ఒక్క ఆడమనిషి కాలు పెట్టక్కర్లేదండి. ఆ మీదట విల్లు పట్టుకుని మీ గట్టెక్కను."

 తాత తెప్పమీద మోసుకొచ్చిన విద్య, నా జిగురుసీసాతో ఆ పూటకు ముగిసిపోబోతోంది.

"పుస్తకం తియ్యి," అన్నాడు నాన్న. "ఎక్కణ్ణించి వేశావు?"

తీసి చదివాను. తూము నుంచి గట్టువెంట పదిహేడు అడుగులు. మడిలోకి ఇరవైరెండు. తూర్పు ముఖం. నాన్న ఆ చోట నిలబడి, దమ్ము చక్రాల జాడలు చూశాడు. ట్రాక్టరు ఎటు తిరిగి వచ్చింది, బురదను ఎటు ఈడ్చింది అని తనలో తాను లెక్కగట్టుకుని, మడిలో మూడోవంతు తాళ్ళతో వేరుచేశాడు. దాన్ని మళ్ళీ బారెడు బారెడు వెడల్పు చాళ్ళుగా విడదీశాడు. "కాళ్ళు కాదు, ముందు చేతులు. వేళ్ళు దువ్వెనలాగ పెట్టు. చూసిన బురదలోకే మోకాలు జరుపు," అన్నాడు.

ఇద్దరం మోకాళ్ళ మీద దిగాం. బురదలో వేళ్ళు దూరుస్తూ, పిసుకుతూ, జరుగుతూ. రెండు చాళ్ళు అయ్యేసరికి నా గోళ్ళ కింద మంట మొదలైంది. నత్తగుల్ల తగిలినప్పుడల్లా పైకి తీసి, కడిగి చూసి, పారేసేదాన్ని. మూడో చాలు సగంలో పక్కన నీరు కదిలింది. అమ్మ. తలెత్తి చూస్తే ఆమె నా వైపు చూడటం లేదు, బురదనే చూస్తోంది. తర్వాత ముసలమ్మ గొంతు.

"ఇక్కడ కూచుని మీ ముగ్గుర్నీ చూస్తుంటే నాకు తిక్కగా ఉందే. ఏదీ, నా చాలేది?"

ఒక్కొక్కరే దిగారు. పన్నెండు మందీ మోకాళ్ళ మీద, వరుసగా, ఊడ్పుకు వంగినట్టే వంగి. కాసేపటికి మాటలు కూడా మొదలయ్యాయి. "ఇంత గట్టిగా మా అత్త పుస్తెలు పోయినప్పుడు కూడా వెతకలేదే," అందొకామె. "అవి రోల్డుగోల్డు కదే," అంది పక్కామె. రైతుగారు బండికి స్టాండు వేసి గట్టుమీద గొంతుకూర్చున్నారు. వెళ్ళిపోలేదు.

ఎండ నడినెత్తికి వస్తున్న వేళ ముసలమ్మ కెవ్వుమంది. చెయ్యి పైకెత్తింది. బురద కారుతున్న బొటనవేలు మీదుగా నెత్తురు చార దిగుతోంది. దానికీ చూపుడువేలికీ మధ్య తెల్లగా మెరుస్తూ నా మొన.

"ఓసి దీని అసాధ్యం కూలా! గోరంత లేదు కదే! వేలికే ఇంత గాటు పడింది. అదే కాలైతే నా బరువంతా దానిమీదే కదే పిల్లా!"

ఆమె తిడుతోందో మెచ్చుకుంటోందో నాకు తెలియలేదు. అమ్మ తన తువ్వాలు చివర చింపి ఆమె వేలికి కట్టింది. రైతుగారు మొనను అడిగి తీసుకుని, అరచేతిలో తిప్పి చూసి, అంచు మీద గోరు ఆనించి చూసి, నాన్నకు ఇవ్వకుండా నాకు ఇచ్చారు. "పుస్తకం సరిచేసుకో అమ్మాయ్," అన్నారు. బండెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన నాన్నను ఎలా పిలిచేవారో నేను నమోదు చేయలేదు. నాన్న దానికోసం చెవి ఒగ్గడం ఆ రోజుతో మానేశాడు.

చీకటి పడేలోపు ఊడ్పు ముగిసింది. ఇంటికి వచ్చాక నాన్న ఒకే ప్రశ్న వేశాడు. "దేంతో అతికించావే?"

"తుమ్మజిగురుతో."

"నీళ్ళలోకెళ్ళే బాణానికా! పుస్తకానికి అట్టేసినట్టు?" అని, మామ్మ దగ్గరికి వెళ్ళాడు. గోడ అవతల ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, ఇవాళ పదిమందిలో నీ మనవరాలు నా మాట కొట్టిపారేసిందే. నేను నాదీ అంటుంటే, కాదండీ నాదీ అంటది!" కోడిపందెం గెలిచివచ్చిన మనిషి గొంతు అది.

పుస్తకం తీసి "వచ్చింది" అన్న మాట మీద అడ్డంగా గీత గీశాను. చెరపలేదు, గీత కింద తప్పుమాట చదవడానికి వీలుగా ఉంచాను. పక్కన జరిగింది రాశాను. చివర మూడో గడి గీసి, పైన "మొన" అని రాశాను. ఈనాటికీ నా గదిలోని ఏ రికార్డులోనైనా తప్పును దిద్దే పద్ధతి నాకు అదే.

ఆ విద్య మరి ఐదేళ్ళు సాగింది. తర్వాత ఆ చేలన్నీ చెరువులయ్యాయి. రొయ్యలకు, చేపలకు గట్లు పోసిన చోట ఊడ్పులు లేవు, ఊడ్పు ముఠాలూ లేవు. నాన్న విల్లు దించి పక్కన పెట్టాడు, ఎవరూ పెట్టమనకుండానే. ఆ ఐదేళ్ళలో ఒక్క మొన కూడా మడిలో మిగల్లేదు. పుస్తకం నా దగ్గరే ఉంది, సందేహమున్నవారు వచ్చి చూసుకోవచ్చు.

నేను గర్వంగా చెప్పుకునేది మాత్రం వేటాడిన పందికొక్కుల లెక్క కాదు. మరుసటి ఏడు అదే వారంలో, దమ్ము పూర్తయిన మడి దగ్గర ముఠా అంతా ఆగిపోయింది. రైతుగారి మనిషి తొందరపెడుతున్నాడు. ముసలమ్మ గట్టుమీద చతికిలబడి, "ఆ పిల్లని రమ్మను. పుస్తకం చదివితే గాని దిగం," అందట. కబురు వస్తే బడినుంచి పరుగున వెళ్ళాను. గట్టుమీద నిలబడి చదివాను: వెళ్ళినవి పదహారు, వచ్చినవి పదహారు, మొనలు పదహారు. చదివి కింద నా పేరు కూడా చదివాను. వాళ్ళలో ఒక్కరికీ చదువు రాదు. నేను ఏం చదివినా వాళ్ళు పోల్చిచూసుకోలేరు. ముసలమ్మ లేచి, చీర దోపుకుని, "పదండే," అంది. పన్నెండు మందీ ఒకరి వెనక ఒకరు వట్టికాళ్ళతో బురదలోకి దిగారు. అందరికన్నా ముందు మా అమ్మ దిగింది.